‘హరూన్ అండ్ ది సీ ఆఫ్ స్టోరీస్’ని క్లాసులో చదివించడం ఎలా: ప్రశ్నల నుంచి పిల్లల లోకం దాకా

సల్మాన్ రష్దీ 1990లో ప్రచురించిన ‘హరూన్ అండ్ ది సీ ఆఫ్ స్టోరీస్’ ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు బాగా నప్పే ఫాంటసీ నవల. పన్నెండే అధ్యాయాలు. నీటి జీనీ, యంత్రపు పక్షి, మాట్లాడే చేపలు, మనుషుల నుంచి విడిపోయి తిరిగే నీడలు, ఇలా ఆ వయసు పిల్లలు కోరుకునేవన్నీ ఇందులో ఉన్నాయి. పేర్లు చాలావరకు హిందుస్తానీ మాటలే. గప్, చుప్, బాత్‌చీత్, ఖతమ్-షుద్ అని వినగానే హైదరాబాద్ పిల్లలు నవ్వేస్తారు. హిందీ అంతగా రాని పిల్లలకు పుస్తకం చివర ఉన్న పేర్ల వివరణ చూపిస్తే సరిపోతుంది.

కథంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: నిజం కాని కథల వల్ల ఏం లాభం? మొదట ఈ మాట అనేది పై అంతస్తులో ఉండే గుమాస్తా సేన్‌గుప్తా. తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయాక, ఆ కోపంలో హరూన్ కూడా అదే మాట తండ్రి మీదికి విసురుతాడు. కథలు చెప్పి బతికే ఆ తండ్రికి, రషీద్ ఖలీఫాకు, ఆ తర్వాత వేదికెక్కితే మాట రాదు. మన క్లాసులో ఈ ప్రశ్న ఇంకో రూపంలో వినిపిస్తుంది: “మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?”

దానికి జవాబు మీరు చెప్పకండి. చదువుతూ చదువుతూ పిల్లలే తేల్చుకోవాలి. టీచర్‌గా మన చేతిలో ఉన్నవి రెండే: మనం అడిగే ప్రశ్నలు, మనం చూపించే పోలికలు. మంచి ప్రశ్న వింటే పిల్లలు మళ్ళీ పుస్తకం తెరవాలి. పోలిక వాళ్ళను పేజీలోంచి ఊళ్ళోకి తీసుకెళ్ళి, కొత్త కళ్ళతో తిరిగి పేజీకే తీసుకురావాలి. తిరిగి రాకపోతే నవల పక్కకు పోయి, మిగిలేది పర్యావరణం మీద ఒక వ్యాసమో, వాక్ స్వాతంత్ర్యం మీద ఒక ఉపన్యాసమో.

మొదటి మెట్టు: ముందు మీరు చదవండి

ఒకసారి మామూలు పాఠకులుగా చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదువుతూ మూడు రకాల చోట్ల గుర్తు పెట్టుకోండి: పిల్లలు ఆగిపోయే వాక్యం లేదా అర్థం కాని జోకు, రచయిత చెప్పకుండా వదిలేసిన విషయం, మన ఊరు గుర్తొచ్చే చోటు. మొదటి రకం గుర్తులు పదాల పనికి పనికొస్తాయి. రెండో రకంలోంచి ప్రశ్నలు పుడతాయి, మూడో రకంలోంచి పోలికలు.

వారానికి రెండు పీరియడ్లు కేటాయిస్తే ఆరేడు వారాల్లో నవల పూర్తవుతుంది. మొదటి అధ్యాయం మాత్రం హోంవర్క్‌గా ఇవ్వొద్దు. మీరే పైకి చదివి వినిపించండి. ఈ పుస్తకంలో సగం సరదా చెవికే తెలుస్తుంది. రెండో అధ్యాయం నుంచి సగం క్లాసులో, సగం ఇంట్లో.

చర్చ తెలుగులో జరిగినా ఫర్వాలేదు. జవాబు తెలుగులో ఆలోచించి చెప్పాక, దాన్ని ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలుగా రాయమనండి. ఇంగ్లీషులో మాట్లాడాలన్న టెన్షన్‌తో నోరు మెదపని పిల్లలు ఇలా అడిగితే ఎంత లోతుగా ఆలోచిస్తున్నారో తెలిసిపోతుంది.

రెండో మెట్టు: ప్రశ్నల్ని మూడు పొరలుగా వేయండి

“రషీద్ ఖలీఫా ఎవరు? ఏం పని చేసేవాడు?” లాంటి ప్రశ్నలకు జవాబు ఏ గైడులోనైనా దొరుకుతుంది. అవి పూర్తిగా అక్కర్లేదని కాదు. కథ తెలిసిందో లేదో చూసుకోవడానికి అధ్యాయానికి రెండో మూడో నోటితో అడిగితే చాలు. నోట్సులో రాయించి పీరియడ్ ఖర్చు చేయకండి.

అసలు పని రెండో పొరలో ఉంది: జవాబు పేజీలోనే ఉంటుంది, కానీ ఒకచోట ఉండదు. మొదటి అధ్యాయాన్నే దగ్గరగా చూద్దాం. హరూన్ తల్లి సొరాయా ఇంట్లో పాటలు పాడేది. ఒక దశలో మానేసింది. కథల పనిలో మునిగిపోయిన రషీద్ ఆ సంగతి గమనించలేదు. కొంతకాలానికి ఆమె ఒక చీటీ రాసిపెట్టి సేన్‌గుప్తాతో వెళ్ళిపోయింది. నీ బుర్రనిండా కల్పనలే, నిజాలకు చోటు లేదు, సేన్‌గుప్తాకు ఊహాశక్తి లేదు, అయినా నాకు ఫర్వాలేదు అని దాని సారాంశం. హరూన్‌ను ప్రేమిస్తున్నానని చివర్లో ఒక మాట కూడా ఉంది. ఆమె వెళ్ళింది సరిగ్గా పదకొండు గంటలకు. రషీద్ ఇంట్లో గడియారాలన్నీ పగలగొట్టాడు. అప్పటినుంచి హరూన్‌కు పదకొండు నిమిషాలకు మించి దేనిమీదా మనసు నిలవదు.

ఇక్కడ “సొరాయా ఎందుకు వెళ్ళిపోయింది?” అని అడిగితే పిల్లలు చీటీలోని వాక్యం ఎత్తి రాసేస్తారు. అదే ప్రశ్నను ఇలా అడగండి: “సొరాయా వెళ్ళిపోతుందని మనకు ముందే తెలిసే గుర్తు ఏదైనా ఉందా? అది ఎవరికి కనిపించింది, ఎవరికి కనిపించలేదు?” ఇప్పుడు వెనక్కి వెళ్ళి పాట ఆగిన వాక్యం వెతకాల్సిందే. ఎవరో ఒకరు “హరూన్‌కు తెలిసింది, నాన్నకు తెలియలేదు” అంటారు. అక్కడే ఆపకండి. “ఊరందరికీ కథలు చెప్పే మనిషికి ఇంట్లో ఆగిపోయిన పాట ఎందుకు వినపడలేదు?” అని అడగండి. ఈ ప్రశ్నకు ఒకే సరైన జవాబు లేదు, కానీ ప్రతి జవాబుకూ పేజీలో ఆధారం చూపించాలి. “ఏ పేజీ? ఏ వాక్యం?” అనే రెండు మాటలు ఈ ఆరేడు వారాలూ మీ నోట్లో ఉండాలి.

మూడో పొర ప్రశ్నకు జవాబు పిల్లల అనుభవంలోంచి వస్తుంది. ఈ అధ్యాయానికి: “ఇంట్లో ఎవరైనా రోజూ చేసే పని మానేస్తే నీకు ఎలా తెలుస్తుంది?” చూడండి, ఈ ప్రశ్నలో తల్లి లేదు, విడిపోవడం లేదు. కావాలనే అలా అడిగాను. ఏ క్లాసులోనైనా అమ్మో నాన్నో దూరమైన పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. “మీ అమ్మ వెళ్ళిపోతే నువ్వేం చేస్తావు?” అని అడిగే హక్కు మనకు లేదు. హరూన్ గురించి ఎంతైనా అడగొచ్చు. తన సంగతి చెప్పాలనిపించిన పిల్ల తనంతట తానే హరూన్ పేరు చాటున చెప్తుంది. అలాంటిది వింటే క్లాసులో పొడిగించకుండా, తర్వాత విడిగా మాట్లాడండి. ఇంట్లో ఇబ్బంది ఉందని ముందే తెలిసిన పిల్లలుంటే, నవల మొదలుపెట్టక ముందే కథలో ఏం జరుగుతుందో వాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

మూడో మెట్టు: అధ్యాయాల వెంట పోలికలు

రెండు, మూడు అధ్యాయాల్లో ఎక్కువసేపు ఆగక్కర్లేదు. స్నూటీ బట్టూ అనే నాయకుడు ఎన్నికల సభలో కథ చెప్పడానికి రషీద్‌ను పిలిపిస్తాడు. రాజకీయ నాయకుల మాట ఎవరూ నమ్మరు, రషీద్ మాటను అందరూ నమ్ముతారు, ఎందుకంటే తాను చెప్పేదంతా కల్పితమని అతను ముందే ఒప్పుకుంటాడు. ఇది మొదటి అధ్యాయంలోనే వచ్చే ముచ్చట. దీనికి మన దగ్గర సరిగ్గా సరిపోయే పోలిక ఉంది. ఎన్నికల ప్రచారంలో పాటలు పాడే కళాబృందాలను పిల్లలు చూసే ఉంటారు. పాట జనానికి నచ్చడం, నాయకుడి మీద నమ్మకం కుదరడం రెండూ ఒకటేనా అని అడగండి. షేక్ నాజర్ బుర్రకథల గురించి ఇంట్లో తాతయ్యలను అడిగి రమ్మనొచ్చు. బుర్రకథలో పక్కన నిలబడి ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం ఎందుకు చెప్తారో తెలిస్తే, రషీద్ కథను నాయకులు ఎందుకు కోరుకుంటారో పిల్లలకు సులువుగా పట్టుబడుతుంది.

నాలుగు, ఐదు అధ్యాయాలకు వచ్చేసరికి నెమ్మదించండి. హరూన్‌ను కథల సముద్రం ఉన్న చంద్రుడి మీదికి తీసుకెళ్ళే ఇఫ్ అనే నీటి జీనీ ఏది అడిగినా “పీటూసీటూఈ” అంటాడు, అంటే వివరించలేనంత క్లిష్టమైన ప్రక్రియ అని. ఇది పిల్లలకు ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే పెద్దవాళ్ళు వాళ్ళను రోజూ ఇలాగే తప్పించుకుంటారు. మీ ఇంట్లో ఎవరూ సరిగ్గా వివరించని విషయం ఒకటి రాసుకు రమ్మనండి. కరెంటు బిల్లు ఎలా లెక్కేస్తారు? రేషన్ కార్డులో పేరు ఎలా ఎక్కుతుంది? తర్వాత ఆ సంగతి తెలిసిన మనిషిని, లైన్‌మనో సచివాలయం ఉద్యోగినో, అడిగి వచ్చి క్లాసుకు వివరించాలి. అప్పుడు తిరిగి పుస్తకంలోకి: ఇఫ్‌కు నిజంగా తెలియదా, తెలిసీ చెప్పడా? వివరించకపోవడం వల్ల ఎవరికి లాభం?

కథల సముద్రం కనిపించగానే గుణాఢ్యుడి కథ చెప్పండి. నవల పేరు వెనక సోమదేవుడి కథాసరిత్సాగరం ఉంది. పదకొండో శతాబ్దంలో కశ్మీరులో సంస్కృతంలో రాసిన ఆ గ్రంథానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. ఆ గుణాఢ్యుడు మన శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని కథ. పందెంలో ఓడి తనకు తెలిసిన భాషలన్నీ వదిలేసి, పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. రాజు తిరస్కరించాడు. గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో పత్రం జంతువులకు చదివి వినిపిస్తూ మంటల్లో వేశాడు. జంతువులు మేత మానేసి కన్నీళ్ళతో విన్నాయి. రాజు విషయం తెలుసుకుని పరుగెత్తుకొచ్చేసరికి లక్ష శ్లోకాలే మిగిలాయి. ఇది చెప్పాక వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. “గుణాఢ్యుడి రాజుకూ సేన్‌గుప్తాకూ పోలిక ఏంటి, తేడా ఏంటి?” అని అడగండి చాలు. తేడా చెప్పగలిగిన పిల్లలే నవలను బాగా చదువుతున్నట్టు.

ఐదో అధ్యాయంలో చాలామంది టీచర్లు దాటేసే విషయం ఒకటి ఉంది. కహానీ అనే ఆ చంద్రుడి మీద, ఎంతైనా మాట్లాడుకునే గప్ నగరంలో ఎప్పుడూ ఎండ, మాటకు శత్రువైన ఖతమ్-షుద్ ఏలే చుప్ దేశంలో ఎప్పుడూ చీకటి. ఇది ప్రకృతి చేసింది కాదు. గప్ శాస్త్రవేత్తలే చంద్రుడి భ్రమణాన్ని అదుపు చేసి వెలుగంతా తమవైపు ఉంచుకున్నారు. మధ్యలో గోడ కూడా కట్టారు. గప్ వాళ్ళు మంచివాళ్ళు, చుప్ వాళ్ళు చెడ్డవాళ్ళు అని పిల్లలు అప్పటికే తీర్మానం చేసేసి ఉంటారు. ఆ తీర్మానాన్ని కదిలించే ప్రశ్న ఇది: “చుప్‌లో చీకటికి కారణం ఎవరు?” పేజీ తిప్పి చూసుకున్నాక క్లాసు కాసేపు గోలగోలగా ఉంటుంది. ఉండనివ్వండి. పోలిక కోసం దూరం వెళ్ళక్కర్లేదు. పోలవరం ముంపు కింద గోదావరి ఒడ్డున ఊళ్ళు వదులుకున్న కుటుంబాలు ఉన్నాయి, ఆ నీళ్ళ కోసం ఎదురుచూసే రైతులూ ఉన్నారు. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అనే వాదన క్లాసులో పెట్టకండి. ఒకచోటి వెలుగుకు ఇంకోచోట ఎవరు ఏం వదులుకున్నారో రెండు వైపుల నుంచీ రెండేసి వాక్యాలు రాయమనండి. తర్వాత పదో అధ్యాయంలో హరూన్ ఏం కోరుకుంటాడో చదివినప్పుడు, అంటే చంద్రుడు మళ్ళీ తిరగాలనీ రెండు వైపులా వెలుగు చీకట్లు సమంగా రావాలనీ కోరుకున్నప్పుడు, ఈ రోజు రాసినదాన్ని బయటికి తీయండి.

ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు విషయాలు పట్టుకుంటే చాలు. ఒకటి, బ్లాబర్‌మౌత్. గప్‌లో సైన్యంలో చేరడానికి ఆ అమ్మాయి అబ్బాయి వేషం వేసుకోవాల్సి వచ్చింది. మాట్లాడే స్వేచ్ఛ ఇంత ఉన్న ఊళ్ళో ఈ అడ్డు ఎందుకుంది? యువరాణి బాత్‌చీత్ ముక్కు మీద, పళ్ళ మీద, గొంతు మీద వచ్చే జోకుల్ని కూడా ఈ ప్రశ్న పక్కనే పెట్టండి. ఆ జోకులు నాకు నచ్చవు, పిల్లల్లోనూ కొందరికి నచ్చవు. మంచి పుస్తకాన్ని కూడా నిలదీయొచ్చని వాళ్ళకు తెలియడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

రెండు, గప్ సైన్యం. సిపాయిలు సేనాధిపతితోనే వాదిస్తారు, ప్రతిదీ చర్చిస్తారు. క్రమశిక్షణ లేని గుంపులా కనిపిస్తుంది. కానీ పదకొండో అధ్యాయంలో యుద్ధం వచ్చేసరికి ఆ వాదనలే వాళ్ళను ఒక్కటి చేస్తాయి. ఒకరినొకరు నమ్మని చుప్ సైన్యం చెదిరిపోతుంది. యుద్ధానికి ముందే ఎవరు గెలుస్తారో, ఎందుకో ఊహించి రాయించుకోండి. పోలికకు గ్రామసభ ఉంది. కుదిరితే పిల్లలను ఒక గ్రామసభకు తీసుకెళ్ళండి. కుదరకపోతే బడి నిబంధన ఒకటి ఎంచుకుని క్లాసులోనే సభ పెట్టండి.

మూడు, ముద్ర. ఇతను నీడ యోధుడు, చేతుల భాషతో మాట్లాడతాడు. మౌనానికీ ఒక అందం ఉందని హరూన్‌కు తెలిసొచ్చేది ఇతని వల్లే. ఇక్కడ కూచిపూడి నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే ముందుకు పిలవండి. పతాక, త్రిపతాక, మయూర హస్తాలు చూపిస్తే క్లాసు అర్థాలు ఊహిస్తుంది. సైగల భాష వాడే బధిరుల గురించి కూడా చెప్పండి, అది ఆటలాంటిది కాదనీ వ్యాకరణం ఉన్న పూర్తి భాష అనీ. ఆ తర్వాత ప్రశ్న: “ముద్ర మౌనానికీ, ఖతమ్-షుద్ కోరే మౌనానికీ తేడా ఏంటి?” ఈ నవలలో నేను అడిగే ప్రశ్నలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఇష్టపడి ఉండే మౌనం వేరు, నోరు కుట్టేసిన మౌనం వేరు అని పిల్లలు తమ మాటల్లో చెప్పగలిగితే పుస్తకం గుండె వాళ్ళకు అందినట్టే.

తొమ్మిది, పది అధ్యాయాల్లో విషం. ఖతమ్-షుద్ ప్రతి కథకూ ఒక విరుగుడు కథ తయారుచేసి సముద్రంలో కలుపుతున్నాడు. అన్ని కథలూ పుట్టే ఊటకు బిరడా వేయాలని చూస్తున్నాడు. ప్రపంచం ఉన్నది ఏలడానికి, ప్రతి కథలోనూ నేను ఏలలేని లోకం ఒకటి ఉంది అని తన కోపానికి కారణం తానే చెప్తాడు. చూడ్డానికి మాత్రం రాక్షసుడిలా ఉండడు, నీరసంగా కనిపించే గుమాస్తాలా ఉంటాడు. “రచయిత ఇతన్ని ఎందుకింత మామూలు మనిషిని చేశాడు? ఇతన్ని చూస్తే ఎవరు గుర్తొస్తున్నారు?” అని అడగండి.

కాలుష్యం అనగానే టీచర్లకు చేయి దురద పెడుతుంది, వెంటనే పోస్టర్లు వేయించాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి, ఇఫ్ ఏడుస్తూ అనే మాటలు మళ్ళీ చదివించండి. తప్పు మాదే, కాపలాదారులమై ఉండీ కాపాడలేదు, విషం కలపకముందే పాత కథల్ని కుళ్ళిపోనిచ్చాం అంటాడు. అంటే శత్రువుతో పాటు నిర్లక్ష్యం కూడా కారణం. ఈ రెండో కారణం పట్టుకున్నాకే కొల్లేరు దగ్గరకు వెళ్ళండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు అది. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. చేపల చెరువులు దాన్ని ఆక్రమిస్తూ వచ్చాయి. 2006లో ప్రభుత్వం పెద్ద ఎత్తున గట్లు కొట్టించాల్సి వచ్చింది. తెలంగాణ పిల్లలైతే మూసీ తీసుకోవచ్చు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే నది, నగరం దాటేసరికి ఎలా మారుతుందో వాళ్ళు కళ్ళారా చూసే ఉంటారు. ఇంకా మంచిది సొంత ఊరి చెరువు. ఒకప్పుడు దాన్ని ఎవరు చూసుకునేవారు, ఎప్పుడు మానేశారు అని పెద్దల్ని అడిగి రావాలి. చివర ప్రశ్న పుస్తకం గురించే: పాత కథల్ని కాపాడటం అంటే ఏం చేయడం? అమ్మమ్మ దగ్గర విన్న కథ ఒకటి రాసి తెమ్మంటే, ఆ ప్రశ్నకు సగం జవాబు క్లాసులోకి వచ్చేసినట్టే.

చివరి అధ్యాయంలో ఒక చిక్కుముడి ఉంది. హరూన్ వాళ్ళ ఊరు, తన పేరు కూడా తానే మర్చిపోయిన ఆ విషాద నగరంలో వాన కురిసి అందరూ సంతోషంగా ఉంటారు. అది కహానీలో తయారుచేసి పంపిన సుఖాంతమని హరూన్‌కు తెలుసు, అందుకే మొదట నచ్చదు. సొరాయా తిరిగొస్తుంది. ఈ ముగింపు నిజమైనదా, అతికించినదా? క్లాసును రెండుగా చీల్చి వాదించమనండి. అమ్మ తిరిగి రాని ఇళ్ళు కూడా ఉంటాయని ఎవరైనా అంటే, అవును అని ఒప్పుకోండి.

నాలుగో మెట్టు: రచయిత జీవితం, పుస్తకం ముగిశాకే

రష్దీ సంగతి మొదట్లోనే చెప్తే పిల్లలు ప్రతి పాత్రనూ ఎవరో ఒక నిజమైన మనిషిగా చూడటం మొదలుపెడతారు, నవల ఇరుకైపోతుంది. అందుకే చివరికి ఉంచండి. చెప్పేటప్పుడు క్లుప్తంగా: 1988లో ఆయన పెద్దల కోసం రాసిన నవల ఎంతోమంది ముస్లింలను బాధపెట్టింది. ఆ ఏడాదే మన దేశం దాని దిగుమతిని నిషేధించింది. 1989 ఫిబ్రవరి 14న ఇరాన్ నాయకుడు ఖొమేనీ ఆయన్ను చంపాలని ఫత్వా ఇచ్చాడు. అజ్ఞాతంలో ఉన్న ఆ రోజుల్లోనే కొడుకు జఫర్ కోసం ఈ కథ రాశాడు. 2022 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో వేదిక మీద జరిగిన కత్తి దాడిలో ఒక కంటి చూపు పోయింది.

క్లాసులో ముస్లిం పిల్లలు ఉంటారు. వాళ్ళవైపు ఎవరి చూపూ తిరగకుండా చూసే బాధ్యత మీదే. ఒక పుస్తకం నచ్చకపోవడం వేరు, రాసిన మనిషిని చంపబోవడం వేరు అనేది స్పష్టంగా చెప్పి, నోరు నొక్కడం ఏ ఒక్క మతానికో దేశానికో చెందిన పని కాదని వెంటనే చూపించండి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు సెన్సార్‌కు నిరసనగా కొన్ని పత్రికలు సంపాదకీయం ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలేశాయి. ఆ ఖాళీ కూడా మాట్లాడిందా అని అడిగితే, పిల్లలు తమంతట తామే ముద్ర దగ్గరికి వెళ్తారు.

ఐదో మెట్టు: మార్కులు

యూనిట్ టెస్టులా పెట్టకండి. మూడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని ఒకటిన్నర పేజీ రాయాలి: సేన్‌గుప్తా ప్రశ్నకు హరూన్ వయసు వాళ్ళు ఏం జవాబిస్తారు? చుప్ దేశపు పిల్ల ఈ కథ చెప్తే ఎలా మొదలుపెడుతుంది? ముగింపు నువ్వు రాస్తే ఏది మారుస్తావు, ఏది ఉంచుతావు? పుస్తకం తెరిచి రాయనివ్వండి.

పది మార్కుల్లో నాలుగు పేజీలోంచి చూపిన ఆధారాలకు, మూడు తన లోకంలోంచి తెచ్చిన పోలికకు, రెండు ఆ పోలిక తర్వాత కథ గురించి కొత్తగా ఏం తోచిందో చెప్పినందుకు, ఒకటి భాషకు. భాషకు ఒక్కటే ఏంటని తల్లిదండ్రులు అడుగుతారు. ఇంగ్లీషు తప్పులు దిద్దడానికి ఏడాదంతా ఉందనీ, ఈ వ్యాసంలో చూస్తున్నది చదివి ఆలోచించడమేననీ చెప్పండి. చర్చల్లో అస్సలు మాట్లాడని పిల్లల కాగితాలు ముందు దిద్దండి, ఒక్కో దాని కింద మార్కుతో పాటు కనీసం రెండు వాక్యాలు రాయండి.